ఉప్పు రోడ్ల సీజన్ వచ్చేస్తోంది, కారు కింద ఒకసారి వంగి చూడండి

అమెరికాలో డెట్రాయిట్ వైపు మంచు మొదలైతే, దాన్ని కరిగించడానికి చల్లే ఉప్పే రోడ్లన్నీ, అది కారు అడుగుకి తుప్పు పట్టిస్తుంది. సెకండ్‌హ్యాండ్ కరోలానో సివిక్కో నడుపుతున్న మనవాళ్ళు ఈలోపే ఇవి చూసుకోండి.

– తుప్పు మీద నల్ల రబ్బరు కోటింగ్ కొట్టించొద్దు. పైకి నున్నగా కొత్తదానిలా ఉంటుంది గానీ, లోపల చిక్కుకున్న ఉప్పునీళ్ళు రేకుని తినేస్తుంటాయి, మీకు తెలిసేసరికి చెయ్యి దూరేంత కన్నం. పాత కారుకి ఏటా నూనె రకం స్ప్రే మేలు, అదీ అడుగంతా కడిగి పూర్తిగా ఆరాకే. బ్రేక్ డిస్కుల మీద చుక్క కూడా పడకూడదు.

– బ్రేక్ పైపులు పొరలు పొరలుగా లేస్తుంటే మార్పించండి. అవి పగిలితే పెడల్ నేలకి దిగిపోతుంది.

– డోర్ల అడుగున నీళ్ళు కారే చిన్న కన్నాలుంటాయి, ఆకులూ మట్టీ పట్టి మూసుకుపోతాయి. పోయినేడు నా కారుకి టూత్‌పిక్‌తో పొడిస్తే డికాషన్ రంగు నీళ్ళు ధారగా కారాయి, అన్నాళ్ళూ లోపలే ఉన్నాయన్నమాట!

– హీటర్ ఉన్న గరాజ్ అని మురిసిపోకండి. గడ్డకట్టే చలిలో తుప్పు నెమ్మదిస్తుంది, వెచ్చదనంలో మంచు కరిగి ఉప్పునీరు రాత్రంతా పనిచేస్తుంది.

– పెయింట్ లేచిన చోట టచప్ ఇప్పుడే వేయండి, చలిలో సరిగా ఆరదు.

– వాష్‌కి 32 ఫారెన్‌హీట్ (సున్నా సెల్సియస్) దాటిన రోజే వెళ్ళండి, అడుగు కూడా కడిగేది తీసుకోండి. డోర్ రబ్బర్లు తుడవకపోతే తడి గడ్డకట్టి తెల్లారి తలుపు రాదు.