పళ్లెంలో మిరపకాయలు పెట్టి పాఠం మొదలుపెట్టడం ఎలా?

మూడు, నాలుగు, ఐదు తరగతులకు చెప్పేవాళ్లలో చాలామందిమి పీరియడ్ చివర్లో "ఏమైనా డౌట్లున్నాయా?" అని అడుగుతాం. ఎవరూ చెయ్యెత్తరు. పాఠం అయిపోయాక ప్రశ్నతో పనేముందని వాళ్లకూ తెలుసు. ప్రశ్నను ముందు పెట్టి, పాఠాన్ని దాని వెంట నడిపించే పద్ధతి ఒకటుంది. వారం రోజుల పని. మాది గుంటూరు కాబట్టి మిరపకాయనే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

1. వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టండి

బోర్డు మీద "మిరప పంట" అని రాస్తే పిల్లలు పుస్తకం తెరిచి పేజీ వెతుకుతారు. అదే పళ్లెంలో ఎండు మిరపకాయలు పోసి పెట్టండి, బెంచీలు వదిలి వచ్చేస్తారు. మిర్చి మార్కెట్ యార్డుకు సరుకు జోరుగా వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలలైతే మరీ మంచిది. తేజ రకం కాయలు కొన్ని, బాడిగ రకం కాయలు కొన్ని కలపండి. ఒకటి సన్నగా ఉంటుంది, ఇంకొకటి ముడతలు పడి ముదురు ఎరుపులో ఉంటుంది. ఆ తేడా చూడగానే నోళ్లు లేస్తాయి. కాయలు తుంచే పని మాత్రం మీరే చేయండి. ఆ చేత్తో ఎవరైనా కళ్లు నులుముకుంటే ఆ రోజు పాఠం కుళాయి దగ్గరే ముగుస్తుంది.

2. అడిగింది అడిగినట్టు రాయండి, జవాబు చెప్పకండి

చార్టు మీద ప్రశ్న, పక్కన అడిగిన పిల్లల పేరు రాయండి. "ఎందుకు మండుద్ది?" అంటే అలాగే రాయండి, దిద్దొద్దు. కష్టమల్లా నోరు కట్టుకోవడంలోనే. జవాబు నాలుక చివర ఉంటుంది, చెప్పేస్తే పని అయిపోతుంది, సిలబస్ ముందుకు కదులుతుంది. కానీ ఆ క్షణంలో పాప ఆలోచన కూడా ఆగిపోతుంది. "నీకేమనిపిస్తోంది?" అని తిరిగి అడగండి. కాసేపు ఎవరూ మాట్లాడకపోయినా కంగారు పడకండి.

ప్రశ్నల పెట్టె పెట్టి చీటీలు వేయించడం ఇప్పుడు చాలా బడుల్లో ఫ్యాషన్. తెరిచి చదవని పెట్టె కన్నా గోడ మీద అందరికీ కనిపించే చార్టే నయం.

3. ప్రశ్నలను విడదీయండి

పిల్లలతోనే చేయించండి. కొన్ని చేసి చూడగలిగేవి, కొన్ని ఎవరినైనా అడగాల్సినవి, కొన్ని టీచర్ చెప్పాల్సినవి. "దేవుడు కారం ఎందుకు పెట్టాడు?" లాంటిది వస్తే తీసెయ్యకండి. ఇంట్లో నాయనమ్మను అడిగి రమ్మనండి.

"ఎందుకు మండుద్ది?" తరగతిలో తేలే ప్రశ్న కాదు. "నీళ్లు తాగినా మంట ఎందుకు తగ్గదు?" అన్నదాన్ని పట్టుకుంటే దారి దొరుకుతుంది. అలాగని పిల్లలకు కారం తినిపించి చూడక్కర్లేదు.

4. రెండు గ్లాసులతో చేసి చూడండి

రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో అంతే వేరుశనగ నూనె. రెండింట్లోనూ చెంచాడు కారం వేసి కలపండి. కలిపే ముందు ఏది ఎక్కువ ఎర్రబడుతుందో ప్రతి ఒక్కరూ నోట్‌బుక్‌లో రాయాలి. ముందే రాయించకపోతే తర్వాత అందరూ "నాకు ముందే తెలుసు టీచర్" అంటారు.

కదపకుండా మధ్యాహ్న భోజనం బెల్లు దాకా ఉంచండి. నీళ్లు లేత రంగులో మసకగా ఉంటాయి, నూనె ఎర్రగా మారుతుంది. "పచ్చడి జాడీలో పైన తేలే నూనె ఏ రంగులో ఉంటుంది?" అని అడిగితే మిగతాది వాళ్లే చెబుతారు. కారం ఇంట్లో ఆడించిందైతే మంచిది. నీళ్లలో కరిగే కృత్రిమ రంగు కలిపిన కారమైతే నీళ్లూ ఎర్రబడతాయి. అలా ఎర్రబడితే ఎర్రబడనివ్వండి, ఆ వారానికి ఇంకో ప్రశ్న దొరికినట్టే.

5. చెప్పాల్సింది సూటిగా చెప్పండి

అన్నీ పిల్లలే కనుక్కోవాలనడం కూడా ఒక మూఢనమ్మకమే. క్యాప్సైసిన్ సంగతి ఏ పిల్లా తనంతట కనిపెట్టలేదు. ఘాటు ఆ పదార్థానిదేననీ, అది గింజల్లో కాక గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగంలో ఎక్కువగా ఉంటుందనీ చెప్పండి. వేడిని పసిగట్టే నరాలనే అది కదిలిస్తుంది కాబట్టి కాలినట్టు అనిపిస్తుంది. రంగు లాగే ఇదీ నీళ్లలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే నీళ్ల కన్నా పాలు, పెరుగు నయం. చిలకలకు మాత్రం మండదు, పక్షుల నరాలు దానికి స్పందించవు. చాలా పక్షులు కాయ తిని గింజల్ని దూరంగా పడేస్తాయి, మొక్కకు కావాల్సిందీ అదే. ఇదంతా మొదటిరోజే చెబితే సమాచారం, వారమంతా ఎదురుచూశాక చెబితే కథలా వింటారు.

6. తెలిసిన మనిషిని పిలవండి

తరగతిలో ఎవరో ఒకరి అమ్మ తొడిమలు తీసే పనికి వెళ్తుంటుంది, ఇంకొకరి నాన్న యార్డులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు మోస్తుంటాడు. ఆయనో ఆవిడో ఇష్టపడితే బడికి పిలిచి కుర్చీ వేయండి. రంగు పోయిన తాలు కాయల్ని ఎలా ఏరతారు, టిక్కీకి ఎన్ని కిలోలు, క్వింటాలుకు ఎన్ని టిక్కీలు అని పిల్లలు అడుగుతారు. ఆ వారం లెక్కలు వాటితోనే. ఆ బిడ్డ తన అమ్మ చెబుతుంటే కూర్చునే తీరు వేరుగా ఉంటుంది.

7. నోట్సు సంగతి

"ఈ వారం నోట్సు ఏం రాయించలేదేంటి మేడమ్?" అని తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు. ఊహ, చూసింది, తెలుసుకున్నది అని మూడు ముక్కలుగా పిల్లలు సొంతంగా రాసిన పేజీ చూపించండి. తప్పులుంటాయి, ఉండనివ్వండి. పరీక్షల టెన్షన్ ఉన్న వారంలో మాత్రం ఇది పెట్టుకోవద్దు, సగంలో ఆపితే పిల్లలు మళ్లీ నమ్మరు.

చార్టు మీద మిగిలిన ప్రశ్నలను చింపకుండా వెనక గోడకు మార్చండి. తర్వాతి పళ్లేనికి దుగ్గిరాల పసుపు తీసుకురావచ్చు. పసుపు పూసిన కాగితం మీద సబ్బునీళ్ల చుక్క వేస్తే ఏమవుతుందో ముందు ఊహించి రాయమనండి, ఆ తర్వాతే చుక్క వేయండి.