బండి పడిందా? గీతల సంగతి తర్వాత చూద్దాం

విజయవాడలో రామవరప్పాడు రింగ్ దాటాక సర్వీస్ రోడ్డు అంచున లారీల నుంచి రాలిన ఇసుక పొర కట్టి ఉంటుంది. పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం సరిగ్గా దాని మీదే ముందు బ్రేకు నొక్కాను. స్పీడు పదిహేను కూడా లేదు. బండి కుడిపక్కకి ఒరిగింది, దాంతోపాటు నేనూ. నలుగురు పరిగెత్తుకొచ్చి బండి లేపారు, టీకొట్టు ఆయన నీళ్లిచ్చాడు, ఎవరో నా చెప్పు వెతికి తెచ్చారు. నేను మాత్రం ట్యాంకు మీద పడిన గీతను వేలితో రుద్దుకుంటూ, ఇంట్లో ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ పది నిమిషాలు అక్కడే నిలబడ్డాను. ఇంకేమీ చూడలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజను అరుస్తూనే ఉంది. చేతిలో క్లచ్ ఉంది కాబట్టి ముందున్న ఆటోని గుద్దలేదు.

ఆ రోజు నేను చూడాల్సినవి ఇవి. కానీ ముందు మీ ఒంటిని చూసుకోండి. పడిన టెన్షన్‌లో నొప్పి వెంటనే తెలియదు. తలకి దెబ్బ తగిలినా, మణికట్టు తిరగకపోయినా బండి అక్కడే పెట్టేసి ఆటో ఎక్కండి. నేలకి గట్టిగా తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాలి. లోపలి థర్మకోల్ ఒకసారి నలిగితే రెండోసారి కాపాడదు.

తర్వాత ఏ పక్కకి పడిందో గుర్తు తెచ్చుకోండి. ఎడమపక్కకైతే క్లచ్ లివర్, గేర్ రాడ్, సైడ్ స్టాండు. కుడిపక్కకైతే ముందు బ్రేకు లివర్, యాక్సిలరేటర్, కాలి బ్రేకు, సైలెన్సర్. సగం పని అక్కడే తేలిపోతుంది.

యాక్సిలరేటర్ వదిలినా ఇంజను అరుస్తోంది

నాకు జరిగింది ఇదే. హ్యాండిల్ చివర నేలకి తగిలినప్పుడు రబ్బరు గ్రిప్ లోపలికి నెట్టుకుపోయి స్విచ్ డబ్బాకి ఒరుసుకుంటుంది. లేదంటే గ్రిప్ చివర చిరిగి, ఆ ముక్క హ్యాండిల్ చివరి బరువుకీ గ్రిప్‌కీ మధ్య ఇరుక్కుంటుంది. నా బండికి రెండోది. వేలి గోరంత రబ్బరు ముక్క. బ్లేడుతో కోసేస్తే సమస్య పోయింది.

చూడటం తేలిక. ఇంజను ఆపి, హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పి ఒకసారి, మధ్యలో ఒకసారి, పూర్తిగా కుడికి తిప్పి ఒకసారి యాక్సిలరేటర్ ఇచ్చి వదలండి. ప్రతిసారీ టక్కున వెనక్కి రావాలి. తర్వాత న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ ముట్టకుండా హ్యాండిల్ అటూఇటూ తిప్పండి. తిప్పేటప్పుడు ఇంజను శబ్దం పెరిగితే కేబుల్ ఎక్కడో ఇరుక్కుందని అర్థం. అది సరిచేసేదాకా బండి కదపొద్దు.

స్టార్ట్ కావడం లేదు

కంగారుపడి సెల్ఫ్ నొక్కుతూ కూర్చుంటే బ్యాటరీ దిగిపోతుంది. ముందు ఎర్ర కిల్ స్విచ్ చూడండి, పడినప్పుడు అది ఆఫ్ అయిపోవడం మామూలే. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లలో చాలావాటికి ఒరిగితే ఇంజను ఆపేసే సెన్సర్ ఉంటుంది. బండి నిటారుగా నిలబెట్టి, కీ ఆఫ్ చేసి, కొన్ని సెకన్లాగి మళ్లీ ఆన్ చేయండి. పెట్రోల్ పంపు ‘జుయ్’మంటే దారికొచ్చినట్టే. సైడ్ స్టాండు వంగి దాని స్విచ్ నొక్కుకోకపోయినా, క్లచ్ లివర్ దగ్గరి చిన్న స్విచ్ విరిగినా కొన్ని బండ్లు స్టార్ట్ కావు.

పాత కార్బురేటర్ బండికి కథ వేరు. పెట్రోల్ పొంగి వాసన కొడుతుంది. పెట్రోల్ కాక్ మూసి, పది నిమిషాలు ఆగి, చోక్ వేయకుండా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి కిక్ కొట్టండి. ఆ పది నిమిషాలూ చుట్టుపక్కల ఎవరినీ సిగరెట్ వెలిగించనీయకండి.

బండి కాసేపు పడుకునే ఉంటే ఇంజనాయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకో సిలిండర్‌లోకో పోతుంది. స్టార్ట్ అయ్యాక కొద్దిసేపు తెల్లటి, నీలపు పొగ వచ్చి ఆగిపోతే భయం లేదు. ఆయిల్ మట్టం చూసుకుంటే చాలు. ఆగకపోతే ఫిల్టర్ విప్పించండి. కిక్ అసలు దిగకపోతే మాత్రం బలవంతంగా తొక్కొద్దు. స్పార్క్ ప్లగ్ తీసి సిలిండర్ లోపలి ఆయిల్ బయటికి పంపాలి, అది మెకానిక్ పని.

చక్రం నేరుగా ఉంది, హ్యాండిల్ పక్కకి ఉంది

డబ్బులు ఎక్కువ పోయేది ఇక్కడే, అనవసరంగా పోయేదీ ఇక్కడే. ఇలా కనిపించగానే ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు పైపులు) మార్చాలి, టీ (ఆ పైపుల్ని పైన కలిపి పట్టుకునే దిమ్మ) మార్చాలి అని లిస్టు రాసేవాళ్లున్నారు. నాకూ ఒకాయన రాసిచ్చాడు. తర్వాత ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఆ కాగితం చూసి నవ్వి, ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని హ్యాండిల్‌ని ఒక్క కుదుపు కుదిపాడు. సగం సరిపోయింది. మిగతా సగానికి ముందు యాక్సిల్, టీ బోల్టులు కాస్త వదులు చేసి, మళ్లీ తిప్పి, ఫోర్కుల్ని రెండుమూడుసార్లు కిందికి నొక్కి బిగించాడు. ఇరవై నిమిషాల పని.

చిన్నగా పడినప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే. రెండు ఫోర్కు పైపులూ వంగవు, బిగించిన చోట ఒకదానికొకటి కాస్త మెలితిరుగుతాయి. కాబట్టి పార్టు కొనే ముందు ఈ పని చేయించండి. బోల్టులు మాత్రం కంపెనీ చెప్పిన బిగువులో టార్క్ రెంచితో బిగించాలి, వదిలేస్తే అసలుకే మోసం.

వంగిందో మెలితిరిగిందో తెలుసుకోవాలంటే బండి ముందు నాలుగడుగుల దూరంలో గొంతుకూర్చుని ఒక కన్ను మూసి చూడండి. రెండు పైపులూ ఒకే వాలులో ఉండాలి. పైపు పక్కన స్టీలు స్కేలు ఆనిస్తే మధ్యలో సందు కనిపించకూడదు. సందు కనిపిస్తే పైపు వంగినట్టే. హ్యాండిల్ రాడ్ ఒక్కటే వంగితే మార్చుకోండి, పెద్ద ఖర్చు కాదు. ట్యాంకు ముందు ఫ్రేము మెడ దగ్గర పెయింటు పగిలి గీతలా కనిపిస్తే మాత్రం ఆ బండి తొక్కకుండా ట్రాలీలో షోరూముకి పంపించండి.

గేర్ పడటం లేదు

గేర్ రాడ్ లోపలికి వంగి ఇంజను కేసింగ్‌కి తగులుతుంటుంది. రోడ్డు మీద అందరూ పట్టుకుని లాగేస్తారు. అలా లాగితే లోపలి షాఫ్ట్ వంగుతుంది, ఆయిల్ సీల్ చిరుగుతుంది, వందలతో పోయేది వేలకి వెళ్తుంది. చాలా బండ్లకి పది నంబరు బోల్టు ఒక్కటి వదులు చేస్తే రాడ్ ఊడొస్తుంది. తీసే ముందు షాఫ్ట్ మీద, రాడ్ మీద మార్కర్‌తో ఒక గీత గీయండి. లోపల సన్నటి పళ్లుంటాయి, ఒక్క పన్ను పక్కకి ఎక్కించినా కాలికి ఎత్తు మారిపోతుంది. బయట పెట్టి వంకర తీసి, గీతలు కలిపి ఎక్కించండి.

బ్రేకు మెత్తగా ఉంది, లేదా లివర్ వేళ్లకి కొట్టుకుంటోంది

లివర్ మెత్తగా లోపలికి పోతుంటే గాలి చేరింది, లేదా బ్రేకు ఫ్లూయిడ్ కారుతోంది. ఫ్లూయిడ్ డబ్బా మూత, పైపు కీళ్లు తడిగా ఉన్నాయేమో చూడండి. ఆ ఫ్లూయిడ్ పెయింటుని తినేస్తుంది, ట్యాంకు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. నొక్కినప్పుడల్లా లివర్ వేళ్లకి దడదడలాడితే డిస్క్ వంగింది. డిస్కుని సుత్తితో సరిచేస్తామంటే ఒప్పుకోవద్దు, మార్చడమే. కాలి బ్రేకు పెడల్ వంగి ఫుట్‌రెస్ట్ కిందికి దూరితే వెనక బ్రేకు పడదు, లేదా ఎప్పుడూ పట్టేసి ఉంటుంది. సెంటర్ స్టాండు మీద చక్రం చేత్తో తిప్పితే రెండూ తెలిసిపోతాయి.

ఇండికేటర్ గబగబా కొట్టుకుంటే ఆ పక్క బల్బు పోయింది. అద్దం, హెడ్‌లైట్ డూమ్, ఫుట్‌రెస్ట్ రబ్బరు లాంటివి తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయాలంటే బండి విప్పే ముందే ఫొటోలు తీసి కంపెనీకి చెప్పాలి. కేవలం థర్డ్ పార్టీ పాలసీ ఉంటే సొంత బండికి పైసా రాదు. ఫుల్ పాలసీ ఉన్నా చిన్న ఖర్చుకి క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అది సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మొదటి ఏడాది తర్వాత 20 శాతం, క్లెయిమ్ లేకుండా అయిదేళ్లు గడిస్తే 50 శాతం. ఒక లివర్ కోసం దాన్ని వదులుకోవడం నాకైతే నచ్చదు.

ఆఖరుగా, మూడు రాత్రులు బండి కింద పాత పేపరు పరిచి ఉంచండి. నల్లటి చుక్క ఇంజనాయిల్. ముందు చక్రం దగ్గర జిడ్డు కనిపించి, ఫోర్కు పైపు చుట్టూ రింగులా తడి ఉంటే సీలు పోయింది. నా పేపరు మీద రెండో రోజు పొద్దున్నే చుక్క కనిపించి గుండె ఆగినంత పనైంది. వంగి చూస్తే అది మా పక్కింటివాళ్ల స్కూటర్‌ది.