లేహ్ ప్రయాణానికి ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

లద్దాఖ్‌లోని లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. విమానంలో నేరుగా అక్కడ దిగేవారి శరీరానికి పల్చని గాలికి అలవాటుపడే వ్యవధి దొరకదు కాబట్టి, మొదటి రెండు రోజులను విశ్రాంతికే కేటాయించి, ట్రెక్కింగ్, సైకిల్ యాత్ర, జన్‌స్కార్ నదిలో రాఫ్టింగ్ వంటివాటిని ఆ తరువాతే పెట్టుకోవాలి. రోజూ వ్యాయామం చేసేవారికి ఈ ఇబ్బంది రాదనుకోవడం పొరపాటు. తలనొప్పి, వికారం ఉన్నంతవరకు ఇంకా పైకి వెళ్లరాదు. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తడబడినా, మాటలో తికమక కనిపించినా, తెల్లవారేదాకా ఆగకుండా వైద్యసహాయం పొంది కిందికి దిగే ఏర్పాటు చేసుకోవాలి. ఎత్తు వల్ల కలిగే ఈ ఇబ్బందిని నివారించే అసెటజోలమైడ్ మాత్రలను వైద్యుని సలహాతోనే వాడాలి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ఆయనకు ముందే చెప్పాలి. తొలి రోజుల్లో మద్యం, నిద్రమాత్రలు వద్దు.

ఖార్దుంగ్ లా కనుమ ఎత్తు 5,300 మీటర్లు దాటుతుంది. ఫొటోల కోసం అక్కడ గంటసేపు నిలబడటం, నా దృష్టిలో, అవివేకం.

ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు కనుక పోస్ట్‌పెయిడ్ కనెక్షన్‌తో, కొంత నగదుతో బయలుదేరాలి.

లేహ్ సమీపంలోని హెమిస్ బౌద్ధారామంలో జరిగే ఉత్సవం చూడదలచినవారు టికెట్లకు ముందే తేదీ నిర్ధారించుకోవాలి, ఎందుకంటే అది టిబెటన్ పంచాంగాన్ని అనుసరించి జూన్‌లోనో జూలైలోనో వస్తుంది. బౌద్ధారామాల్లో చెప్పులు, టోపీ తీసి ప్రవేశించాలి. పాత కుడ్యచిత్రాలపై ఫ్లాష్ వాడరాదు. స్తూపాలు, మణి గోడలు (మంత్రాలు చెక్కిన రాళ్లతో పేర్చిన గోడలు) ఎప్పుడూ మన కుడిచేతివైపు ఉండేలా నడవాలి.