వానలకు ముందు సైకిల్ వెనక షాక్ విప్పుతున్నారా? ముందు ఇది చూడండి

రోహిణి కార్తె ఎండల్లో బెజవాడలో పొద్దున ఏడు దాటాక సైకిల్ తొక్కాలంటే గుండె ధైర్యం ఉండాలి. అందుకే మౌంటెన్ సైకిల్ పిచ్చి ఉన్న మాబోటివాళ్లకు బండి విప్పుకోవడానికి ఇదే అదను. మృగశిర వచ్చి రెండు వానలు పడితే కొండపల్లి అడవి దారి, కొండవీడు కొండ మళ్లీ గుర్తొస్తాయి. అప్పుడు ఆ ఎర్ర బురదంతా వెళ్లి పేరుకునేది, కుదుపులు మింగే వెనక షాక్‌లో గాలి బయటికి పోకుండా ఆపే రబ్బరు సీళ్ల దగ్గరే.

స్ప్రింగు బదులు గాలితో పనిచేసే షాక్‌లో ఇంట్లో చేసుకోదగిన పని ఒక్కటే: పైనున్న గాలి డబ్బా, అంటే ఎయిర్ క్యాన్ విప్పి, శుభ్రం చేసి, సీళ్లు మార్చడం. షాక్‌లు తయారుచేసే రాక్‌షాక్స్ కంపెనీ అయితే ఈ పని ప్రతి 50 గంటల స్వారీకి చేయమంటుంది. దాని కింద నూనె, నైట్రోజన్ ఉండి షాక్ ఊగిసలాటను అదుపు చేసే డ్యాంపర్ జోలికి మాత్రం వెళ్లొద్దు. నైట్రోజన్ ఎక్కించే సరంజామా మన ఇళ్లలో ఉండదు. నొక్కుకున్న షాక్ ఎంత వేగంగా తిరిగి లేవాలో సర్దే రీబౌండ్ మర ఎటు తిప్పినా తేడా తెలియకపోయినా, షాక్ నొక్కితే బురదలో చెప్పు లాగినట్టు చప్పుడొచ్చినా జబ్బు డ్యాంపర్‌ది. దాన్ని సర్వీస్ సెంటర్‌కు పంపేయండి. షాఫ్ట్ మీద పల్చటి నూనె తడి కనిపిస్తే మాత్రం కంగారు పడనక్కర్లేదు, అది ఉండాల్సిందే.

ఇక అసలు భయం గాలితో. కారు టైరులో 30, 35 పీఎస్ఐ ఉంటుంది. షాక్‌లో మనిషి బరువును బట్టి 150 నుంచి 250 దాకా కొడతాం. అంత గాలి ఉన్న డబ్బా మర ఊడితే అది ఎటు ఎగురుతుందో మన చేతిలో ఉండదు. వాల్వు పిన్ను నొక్కి గాలి తీసేశాం కదా, ఇంకేం భయం అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

లోపల గాలికి రెండు గదులున్నాయి. పెద్దది మన బరువు మోస్తుంది. చిన్నది దానికి ఎదురు నెడుతూ, షాక్ మొదట్లో మెత్తగా దిగేలా చేస్తుంది. వాల్వు ఉన్నది పెద్ద గదికే. చాలా మోడళ్లలో ఒక గది నుంచి ఇంకో గదికి గాలి మారేది షాక్ కొంచెం దిగినప్పుడు, అదీ ఒక్కచోట ఉండే చిన్న గాడిలోంచే. కాబట్టి వాల్వు దగ్గర బుస్సుమనడం ఆగినా చిన్న గదిలో గాలి మిగిలి ఉండొచ్చు. తొలిసారి విప్పినప్పుడు నేను గాలి ఒక్కసారిగా వదిలేసి మర తిప్పాను. చివరి చుట్టులో ‘ఠప్’మని డబ్బా చేతిలోంచి జారి గోడకు తగిలింది. కళ్లజోడు నిండా నూనె. వంటింట్లోంచి అమ్మ, ‘ఏరా, కుక్కర్ గానీ పేలిందా?’ అంటూ పరుగెత్తుకొచ్చింది. కళ్లజోడు లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. షాక్ సైకిల్‌కే ఉండగా గాలి మెల్లగా వదలాలి. తర్వాత సీటు మీద చేత్తో నొక్కుతూ, వదులుతూ షాక్‌ను పావు వంతు దాకా ఓ పదిసార్లు ఆడించాలి. మళ్లీ పిన్ను నొక్కాలి. బుస్సుమంటే ఇంకా గాలి ఉన్నట్టే, మళ్లీ ఆడించాలి. చప్పుడు పూర్తిగా ఆగాక వాల్వు కీతో పిన్ను బయటికి తీసేయాలి. షాక్ బోల్టులు విప్పేముందు వెనక చక్రం కింద ఏదైనా ఎత్తు పెట్టండి, లేకపోతే ఫ్రేము ధబ్బున కూలబడుతుంది. మర తిప్పేటప్పుడు ముఖం, వేళ్లు డబ్బాకు ఎదురుగా ఉండకూడదు. షాక్ కంటిలోంచి, అంటే బోల్టు పట్టే రంధ్రంలోంచి, మందపాటి గుడ్డ దూర్చి డబ్బా చుట్టూ కడితే, గాలి మిగిలినా డబ్బా ఎగరదు. కళ్లద్దాలు తప్పనిసరి.

గాలి తీశాక షాక్ పొట్టిగా ముడుచుకుపోయి, చేత్తో లాగినా రాకపోతే అక్కడితో ఆపేయండి. చిన్న గదిలో గాలి ఇరుక్కుపోయిందని అర్థం. దాన్ని ఇంట్లో విప్పకూడదు, బలంగా లాగకూడదు. ఆటోనగర్‌కు తీసుకెళ్లి వైస్‌లో బిగిద్దామన్న ఆలోచనా వద్దు. లారీ ఇంజన్ నుంచి బుల్లెట్ ఫోర్కు దాకా అక్కడి మెకానిక్కుల చేతికి తిరుగులేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇది వాళ్ల దగ్గరికి రోజూ వచ్చే సరుకు కాదు, లోపల ఎంత గాలుందో పైకి కనపడదు. ఈ రకం సస్పెన్షన్ చేసే సర్వీస్ సెంటర్‌కే పంపండి. పెట్టె మీద ‘షాక్ ముడుచుకుపోయింది, గాలి ఉంది’ అని రాయండి, విప్పేవాళ్ల కళ్లు కూడా ముఖ్యమే.

సీల్ కిట్టు మోడల్ సంఖ్య చూసి తెప్పించుకోండి. ఫాక్స్ కంపెనీ షాక్ మీద నాలుగు అక్షరాల కోడ్ ఉంటుంది. సైజు సరిపోయిందని హైడ్రాలిక్ సామాను కొట్లో దొరికిన ఓరింగు వేస్తే, రబ్బరు రకం తేడా వచ్చి గాలి దిగిపోవచ్చు. పాత సీలు తీయడానికి స్క్రూడ్రైవర్ వాడొద్దు, గీత పడిందంటే డబ్బా పోయినట్టే. వెదురు పుల్ల చాలు. పెట్రోలు, థిన్నర్ వద్దు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పాత లుంగీ ముక్క నూలు పోగులు వదులుతుంది, ఒక్క పోగు సీలు కింద చేరినా చాలు గాలి దిగడానికి. ఫ్యాన్ కూడా ఆపేయాలి. మే నెలలో ఇది శిక్షే, తెల్లవారుజామున ఐదుకు కూర్చుంటే నయం. బండి గ్రీజు కాదు, సస్పెన్షన్ గ్రీజే వాడాలి.

బిగించేటప్పుడు బలం చూపించొద్దు, అది అల్యూమినియం మర. ఎంత బిగించాలో మాన్యువల్‌లో ఉంటుంది. గాలి షాక్ పంపుతోనే కొట్టాలి. పంక్చర్ షాపు కంప్రెసర్ పనికిరాదు. 50 పీఎస్ఐ కొట్టిన ప్రతిసారీ కాస్త ఆడించి, రెండు గదుల్లో గాలి సమానం చేసుకోవాలి. షాక్ మీద రాసిన గరిష్ఠం దాటొద్దు. నీళ్ల సీసాతో సహా బ్యాగు తగిలించుకుని కూర్చుంటే షాక్ దాని స్ట్రోకులో, అంటే అది దిగగలిగే మొత్తం దూరంలో, 25 నుంచి 30 శాతం దిగాలి. 50 మిల్లీమీటర్ల స్ట్రోకు అయితే 12.5 నుంచి 15 మిల్లీమీటర్లు. ఇంకో సంగతి: ఉదయం 28 డిగ్రీల్లో 200 కొట్టిన షాక్, మధ్యాహ్నం 44 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 11 పీఎస్ఐ పెరుగుతుంది. కొలతలన్నీ ఒకే పూట తీసుకోండి.

వానల్లో తిరిగొచ్చాక వాటర్ సర్వీసింగ్ గన్ను షాక్ మీద పెట్టనివ్వకండి, బురద సీళ్ల లోపలికి పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు చాలా ఇళ్లలో సైకిళ్లు మునిగాయి. అలా మునిగిన షాక్‌ను గాలి నిలిచింది కదా అని వాడేయకండి, అది పూర్తి సర్వీసుకే పోవాలి.

తొలి స్వారీకి కొండ వద్దు. బ్యారేజీ దాటి ఉండవల్లి గుహల దాకా వెళ్లి, అక్కడ ఆగి షాక్ బోల్టులు మళ్లీ ఒకసారి చూసుకుని వెనక్కి రండి.