పాత బుల్లెట్, యెజ్డీలకు పట్టేసిన బ్రేకు బాగుచేయడం ఎలా?

పాత బండికి బ్రేకు పట్టేసిందనగానే చాలామంది కొత్త షూలు (డ్రమ్ముకు లోపలి నుంచి ఒత్తుకుని చక్రాన్ని ఆపే రెండు అర్ధచంద్రాకారపు ముక్కలు) కొనుక్కొస్తారు. నాలుగు రోజులు బాగానే ఉంటుంది, మళ్లీ పట్టేస్తుంది. ఈసారి కేబులు మారుస్తారు. ఆ తర్వాత మెకానిక్కునే మారుస్తారు. క్యామ్ జోలికి మాత్రం ఎవరూ పోరు.

రెండు షూల మధ్య తిరిగి వాటిని విడదీసే చిన్న ఇనుప ఇరుసే క్యామ్. అది డ్రమ్మును మూసి ఉంచే అల్యూమినియం బ్రేకు ప్లేటులోని రంధ్రంలో తిరుగుతుంది. గ్రీజు ఎండిపోయి లోపలికి తేమ చేరితే అల్యూమినియం తెల్లటి పొడిగా మారి, అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమించి ఇరుసును నొక్కేస్తుంది. తొక్కేటప్పుడు కాలి బలంతో తిరుగుతుంది. వదిలాక వెనక్కి లాగాల్సింది షూ స్ప్రింగులు, వాటికి అంత బలం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ వైపు నీళ్లలో మునిగిన బళ్లుంటే, ఇంజను ఆయిలు మార్చి ఊరుకోకుండా బ్రేకు ప్లేట్లు కూడా విప్పి చూడాలి.

ముందు ఎక్కడ పట్టిందో తేల్చుకోండి

సెంటర్ స్టాండు వేసి చక్రం గాల్లో ఉంచండి. క్యామ్ ఆర్ము (ఇరుసు బయటి కొనకు బిగించిన మీట) నుంచి కేబులు ఊడదీయండి, వెనక బ్రేకైతే రాడ్డు. చక్రం వెంటనే తిరిగితే తప్పు కేబులుది లేదా పెడల్ పిన్నుది. తిరగకపోతే ఆర్మును చేత్తో వెనక్కి నెట్టండి. నెట్టాకే వదిలిందంటే క్యామే. ఆర్ము వెనక్కొచ్చినా చక్రం కదలకపోతే, ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న బండికి షూలు తుప్పుతో డ్రమ్ముకు అతుక్కున్నట్టు. డ్రమ్ము చుట్టూ రబ్బరు సుత్తితో తడుతూ చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఊపితే వదులుతుంది. ప్లేటుకూ హబ్బుకూ మధ్య స్క్రూడ్రైవరు దూర్చి మీటొద్దు. ఆ అంచు విరిగితే అతికేది కాదు.

చక్రం విప్పడం గురించి చెప్పడానికేముంది! పానాలు, రబ్బరు సుత్తి, నోస్ ప్లయరు, బెంచి వైసు, హాట్ ఎయిర్ గన్ను, తుప్పు వదిలించే స్ప్రే ఉంటే చాలు. డ్రమ్ములోని ధూళిని మాత్రం కంప్రెషరు గాలితో ఊదొద్దు, ఎవరినీ ఊదనివ్వొద్దు. పాత లైనింగుల్లో (షూ మీద అతికించిన రాపిడి పొర) ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడే ఉండిపోతుంది. మాస్కు పెట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి.

క్యామ్ తీయడం: తొందర పనికిరాదు

షూలు రెండింటినీ కలిపి బయటికి మడిస్తే స్ప్రింగులతో సహా ఊడొస్తాయి. ముందు వాటిని దూరంగా పెట్టండి, స్ప్రే ఆ తర్వాతే. లైనింగు ఒకసారి ఆయిలు పీల్చిందంటే ఎమరీతో ఎంత రుద్దినా పోదు.

ఆర్ము విప్పకముందు ఇరుసు కొనమీద, ఆర్ము మీద ఎదురెదురుగా సెంటర్ పంచితో చుక్క పెట్టండి. ఇరుసూ ఆర్మూ కలిసే చోట ఉండే సన్నటి పళ్లలో ఒక్కటి తేడా వచ్చినా తర్వాత బ్రేకు సర్దుబాటుకు రాదు. ఆర్ముకు పక్క నుంచి బోల్టు బిగించే రకమైతే దాన్ని పూర్తిగా బయటికి లాగేయాలి. చాలా బళ్లలో ఆ బోల్టు ఇరుసు మీది గాడిలో కూర్చుంటుంది, వదులు చేసి వదిలేస్తే ఆర్ము ఎంత లాగినా రాదు. ప్లేటులో స్పీడోమీటరు గేరు, ఆయిల్ సీలు ఉంటే అవీ తీసేయండి, వేడికి పాడవుతాయి.

ఇక్కడే సుత్తి ఎత్తుతారు. ఎత్తకండి. ఇరుసు కొనమీద కొడితే మరలు చితికి, కొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఆ లావైన కొన రంధ్రంలోంచి ఎలాగూ దూరదు, ఇంకా కొడితే రంధ్రాన్ని చీరుకుంటూ పోతుంది. కింద ఆనిక లేకుండా కొడితే ప్లేటే పగులుతుంది. ఇరవై నిమిషాల తొందరకు బ్రేకు ప్లేటు పోగొట్టుకున్నట్టే. పాత బండికి దొరకడం కష్టమైన పార్టు అదే.

రెండు వైపుల నుంచీ స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. కిరసనాయిలూ డీజిలూ తుడవడానికి పనికొస్తాయి గానీ ఆ సన్నటి సందులోకి సరిగా దూరవు. మర్నాడు ఇరుసును కాదు, రంధ్రం చుట్టూ ఉన్న ప్లేటును హాట్ ఎయిర్ గన్నుతో వేడి చేయండి. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. నీటి చుక్క వేస్తే చుర్రుమని ఆవిరైపోవాలి, అంత వేడి చాలు. గన్ను లేకపోతే మరిగే నీళ్లు పోయండి. గ్యాస్ టార్చి వద్దు. కరిగే ముందు అల్యూమినియం ఇనుములా ఎర్రబడి చెప్పదు, ఉన్నట్టుండి కుంగిపోతుంది.

వేడిమీదే ఆర్మును మళ్లీ తొడిగి, నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. మొదట వెంట్రుకవాసే కదులుతుంది. అది చాలు. మళ్లీ స్ప్రే, మళ్లీ వేడి, మళ్లీ తిప్పడం. ఎర్రటి తుప్పు నీరు, తెల్లపొడి బయటికి రావడం మొదలైతే దారికొచ్చినట్టు. సులువుగా అటూ ఇటూ తిరిగేదాకా బయటికి నెట్టే ఊసే ఎత్తొద్దు. ఆ తర్వాత క్యామ్ తల పట్టేంత గుంత సాకెట్టును ఒకవైపు ఆనించి, వైసులో పెట్టి నొక్కితే చప్పుడు లేకుండా దిగుతుంది. మూడు నాలుగు విడతలైనా రాకపోతే లేత్ షాపులో హైడ్రాలిక్ ప్రెస్సు మీద నొక్కించండి, దగ్గరుండి.

పార్టులు ఎక్కడ

ఇరుసును 600 నంబరు ఎమరీతో మెరిసేలా రుద్దండి. రంధ్రాన్ని తెల్లపొడి పోయేవరకే శుభ్రం చేయండి, పెద్దది చేయొద్దు. ఇరుసు అందులో లొడలొడలాడితే విజయవాడ ఆటోనగర్‌లో గానీ గుంటూరులో గానీ లేత్ మీద గన్‌మెటల్ బుష్షు (రంధ్రంలో బిగించే చిన్న గొట్టం) వేయించుకోవచ్చు. కొత్త క్యామ్ కోసం తిరగడం కంటే ఇదే మేలు.

షాపుకు వెళ్లేటప్పుడు పాత షూ చేతిలో ఉండాలి. ‘బుల్లెట్ షూ’ అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు, బుల్లెట్‌కే 6 అంగుళాల డ్రమ్ములూ 7 అంగుళాలవీ ఉన్నాయి. యెజ్డీ పేరుతో 2022లో వచ్చిన కొత్త బళ్లకూ 1996లో మైసూరులో ఆగిపోయిన పాతవాటికీ సంబంధం లేదు, పార్టులు కలవవు. కొత్త షూలు దొరకలేదని దిగులు పడొద్దు. పాత షూ వంకర పోకుండా ఉంటే లారీ బ్రేకులకు లైనింగు వేసే షాపుల్లో దానికే కొత్త లైనింగు వేస్తారు. పేరులేని ప్యాకెట్టు షూల కంటే నేనైతే దీన్నే ఎంచుకుంటాను. లైనింగు 2 మిల్లీమీటర్లకు దిగితే మార్చేయండి. ఇక్కడ ఏదీ దొరక్కపోతే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలో పాత పార్టుల బజారైన పుదుపేట వెళ్లడమే. పాత సరుకులో క్యామ్ కొంటే తల అంచులు అరిగి గుండ్రపడ్డాయేమో చూసి కొనండి.

బిగించడం

ఇరుసుకు వేడికి కరగని హై టెంపరేచర్ గ్రీజు పలచగా రాయండి. మామూలు చాసిస్ గ్రీజు కరిగి లైనింగు మీదికి పోతుంది. షూలు ఆనే పిన్ను మీద, క్యామ్ తల మీద బఠాణీ గింజంత చాలు. స్ప్రింగులు సాగి ఉంటే కొత్తవి వేయండి. యాక్సిల్ నట్టు బిగించేటప్పుడు బ్రేకు గట్టిగా పట్టి ఉంచితే షూలు డ్రమ్ము మధ్యకు వస్తాయి. ఇది చాలామంది చేయరు, తర్వాత బ్రేకు ఒకవైపే పడుతోందంటారు.

ప్లేటును ఫ్రేముకు పట్టి ఉంచే ఆర్ముకు నట్టు, కొత్త స్ప్లిట్ పిన్ను వేశారో లేదో రెండుసార్లు చూడండి. అది ఊడితే బ్రేకు తొక్కగానే ప్లేటు తిరిగి చక్రం లాకైపోతుంది.

పెడల్ కొన దగ్గర 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట (బ్రేకు పట్టేలోపు పెడల్ ఖాళీగా కదిలే దూరం) ఉంచండి. బ్రేకు పూర్తిగా పడినప్పుడు క్యామ్ ఆర్ముకూ కేబులుకూ మధ్య కోణం 90 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. అంతకు మించి ముందుకు పోతోందంటే లైనింగు అరిగింది, లేదా ఆర్ము ఒక పన్ను తప్పి కూర్చుంది. కిలోమీటరు దూరం బ్రేకు వాడకుండా నడిపి డ్రమ్ము మీద చేయి పెట్టి చూడండి. కాలితే అడ్జస్టరు నట్టు ఒక చుట్టు వదులు చేయండి. కొత్త లైనింగు డ్రమ్ముకు కుదిరాక ఆట పెరుగుతుంది, 200 కిలోమీటర్ల తర్వాత మళ్లీ సరిచేయాలి.