హిస్టమిన్ రీడింగ్‌లు కలవనప్పుడు

అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లోని కణాలు వదిలే హిస్టమిన్‌ను రెండు పద్ధతుల్లో కొలుస్తున్నాం. ఒకే ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) శాంపిల్‌కి, యాంటీబాడీలతో కొలిచే ఎలైజా ఒక లెక్క చెబితే, రసాయనం కలిపాక వచ్చే వెలుగును కొలిచే ఫ్లోరోమీటర్ ఎప్పుడూ అంతకంటే ఎక్కువే చెప్పేది. మహా టెన్షన్! ఫ్లోరోమీటర్ కొలతకు 1959లో షోర్ బృందం ఇచ్చిన పద్ధతిని మళ్లీ చదివితే కారణం దొరికింది. అందులో వాడే ఓపీటీ రసాయనం హిస్టమిన్‌తోనే కాదు, హిస్టిడిన్, స్పెర్మిడిన్ అనే వేరే పదార్థాలతోనూ కలిసి వెలుగుతుంది. అందుకే ముందుగా బ్యుటనాల్ అనే ద్రావణితో హిస్టమిన్‌ను విడదీయాలి. టైమ్ కలిసొస్తుందని ల్యాబ్‌లో ఆ మెట్టు ఎప్పుడో ఎత్తేశారు. తిరిగి పెట్టగానే తేడా చాలావరకు తగ్గింది.

మిగిలింది రక్తం తీసే దగ్గర. ట్యూబులో బేసోఫిల్స్ (హిస్టమిన్‌ను దాచుకునే తెల్లకణాలు) నలిగితే హిస్టమిన్ బయటికొస్తుంది. ప్లాస్మాలో మామూలుగా ఉండేదే మిల్లీలీటరుకు 1 నానోగ్రాము లోపు, కాబట్టి కొద్దిగా కారినా లెక్క చెడుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ట్యూబును వెంటనే ఐసులో పెట్టి, సెంట్రిఫ్యూజ్‌లో చల్లగానే తిప్పి, తెల్లకణాల పొరను కదపకుండా పైపైన ప్లాస్మా మాత్రమే తీశాం. ఇప్పుడు రెండూ దగ్గరగా వస్తున్నాయి. అనుమానమున్న శాంపిల్స్‌ని మాత్రం పదార్థాలను విడదీసి బరువును బట్టి గుర్తించే ఎల్‌సీ-ఎంఎస్ పరీక్షకే పంపిస్తున్నాను.