ఉచిత నెట్ ప్రకటన చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: గేటు తాళం ఎవరి చేతిలో?

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. మీ ఫోన్‌కు వచ్చిన ఏదో ఒక ‘ఉచితం’ మెసేజ్ తీసుకుని, దాని బిల్లు చివరికి ఎవరు కడుతున్నారో నోటుబుక్కులో రాయమన్నాను. రాసినవాళ్లు ఆ పేజీ తీసి పక్కన పెట్టుకోండి. రాయనివాళ్లు ఇప్పుడైనా రాయండి, చివర్లో దానితో పని ఉంది.

ఈసారి రెండో ప్రశ్న. కంపెనీ మనకు తెరిచిన దారికి గేటు ఉందా? ఉంటే తాళం ఎవరి దగ్గరుంది?

ఈ ప్రశ్న మన పల్లెలకు కొత్తది కాదు. దేవరకొండ దిక్కు పత్తి రైతు వానాకాలం మొదట్లో విత్తనాలు, మందుబస్తాలు షాపులో ఉద్దెరకు తెచ్చుకుంటాడు. ఆ రోజు జేబులోంచి రూపాయి కదలదు. పంట చేతికొచ్చాక మాత్రం పత్తి ఆ సేటుకే పోయాలి, ఆయన చెప్పిన రేటుకే, ఆయన తీసినంత తరుగుకే. వడ్డీ ఒక భారమే కానీ, అంతకంటే పెద్ద నష్టం ఇంకో షాపు గడప తొక్కే వీలు లేకపోవడం. అలాగని సేటు ఇవ్వకపోతే ఆ ఏడు విత్తనమే పడదు. రెండూ నిజాలే. ఒక నిజం చెప్పి రెండోదాన్ని దాచకుండా, రెండింటినీ పక్కపక్కన రాయడమే ఈ పాఠంలో మనం నేర్చుకునే పని.

ఇప్పుడు అసలు ఉదాహరణకు వద్దాం. 2013 ఆగస్టులో ఫేస్‌బుక్ కంపెనీ శాంసంగ్, నోకియా, ఎరిక్‌సన్, క్వాల్‌కామ్ వంటివాటితో కలిసి ఇంటర్నెట్.ఆర్గ్ అనే పథకం ప్రకటించింది. నెట్ లేని కోట్లాది మందికి నెట్ అందిస్తామన్నది మాట. 2014లో ఆఫ్రికాలోని జాంబియాలో మొదలైంది. 2015 ఫిబ్రవరిలో రిలయన్స్ కమ్యూనికేషన్స్ ద్వారా మన దేశానికి వచ్చింది. మొదట అందిన ఆరు రాష్ట్రాల్లో మన తెలంగాణ ఒకటి. అదే ఏడు సెప్టెంబరులో పేరు ఫ్రీ బేసిక్స్‌గా మారింది. వార్తలు, ఉద్యోగాలు, ఆరోగ్యం, వీటితోపాటు ఫేస్‌బుక్, అన్నీ కలిపి 30కి పైగా సైట్లు డేటా ఖర్చు లేకుండా తెరుచుకునేవి.

పెన్ను తీసుకోండి. ‘ఉచితం’ అన్న మాట కింద కాదు, ‘30కి పైగా సైట్లు’ అన్న దగ్గర గీత గీయండి. మిగతా నెట్ ఎక్కడికి పోయింది?

హాలియా దగ్గర ఒక బత్తాయి రైతును ఊహించుకోండి. తోటకు వచ్చిన వ్యాపారి టన్నుకు ఒక రేటు చెప్పాడు. ఢిల్లీ మార్కెట్‌లో ఈ రోజు రేటెంతో చూసుకుని మాట్లాడాలని రైతుకు ఉంది. ఆ రేటు చెప్పే సైటు జాబితాలో ఉంటే పైసా ఖర్చు లేదు. లేకపోతే డేటా ప్యాక్ వేసుకోవాలి. ఆయన ఏం చూడగలడో తేల్చింది ఆయన అవసరం కాదు, ఎక్కడో కూర్చుని జాబితా రాసిన మనిషి. విమర్శలు వచ్చాక 2015 మేలో, ఎవరైనా తమ సేవను ఇందులో పెట్టుకోవచ్చన్నారు. అయితే నిబంధనలు ఫేస్‌బుక్ రాసినవే, డేటా రాకపోకలు సాగేది కూడా ఆ కంపెనీ సర్వర్ల మీదుగానే. వరుస పెద్దదైంది, తాళం మాత్రం చేతులు మారలేదు.

మరి ఇంత శ్రమ ఎందుకు పడ్డట్టు? కంపెనీ సొంత లెక్కలే జవాబు చెబుతాయి. 2023 చివరి మూడు నెలల్లో మెటాకు (ఫేస్‌బుక్ కంపెనీ కొత్త పేరు ఇదే) అమెరికా, కెనడాల్లో ఫేస్‌బుక్ వాడే ఒక్కో మనిషి మీద సగటున 68 డాలర్ల ఆదాయం వచ్చింది. ఆసియా-పసిఫిక్ ప్రాంతంలో ఐదున్నర డాలర్లే. అంత తక్కువ వచ్చే చోటికి ఎందుకు రావాలని అడగొచ్చు. అమెరికా దిక్కు కొత్తగా చేరాల్సినవాళ్లు దాదాపు లేరు, ఇక్కడ కోట్ల మంది ఉన్నారు. మొదటిసారి నెట్ చూసిన మనిషికి ఏ యాప్ అలవాటైతే, రేపు ఆ మనిషి సంపాదన పెరిగినప్పుడు ప్రకటనల డబ్బు అటే పోతుంది.

ఇక రెండో నిజం కూడా రాయండి. పాలమూరు నుంచి భివండి, బొంబాయి పోయిన కూలీ రాత్రి పని దిగాక వీడియో కాల్‌లో బిడ్డ ముఖం చూసుకుంటున్నాడంటే, అందులో ఈ కంపెనీల పాత్ర ఉంది. దాన్ని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. లాభం కోసం చేసిన పనిలో మనకూ మేలు ఉండొచ్చు. ఎంత మేలు, ఏ షరతు మీద అన్నదే మన లెక్క.

2015 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ విషయం మీద ప్రజల అభిప్రాయం అడిగింది. ఫేస్‌బుక్ పత్రికల్లో పెద్దపెద్ద ప్రకటనలు ఇచ్చింది. తన యాప్‌లో ఒక బటన్ కూడా పెట్టింది, నొక్కితే ముందే రాసిపెట్టిన మద్దతు లేఖ మన పేరుతో ట్రాయ్‌కి పోతుంది. ఆ లేఖల్లో తాము అడిగిన ప్రశ్నలకు జవాబులు లేవని ట్రాయ్ తేల్చి చెప్పింది. మన నోట ఇంకొకరు మాట పెట్టినప్పుడు, ఆ మాట ఎవరికి పనికొస్తుందో చూడటం కూడా ఈ చదువులో భాగమే. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, సైటును బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టకూడదని నిబంధన తెచ్చింది. అది సరైన నిర్ణయమని నా గట్టి అభిప్రాయం.

గేటు అన్నిసార్లూ జాబితా రూపంలోనే ఉండదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. ఏ జాబితా లేకుండా మొత్తం నెట్‌ను కొన్ని నెలలు ఉచితంగా ఇచ్చింది. పల్లెల్లో నెట్ నిజంగా పాకింది అప్పుడే. ఆ పోటీకి తట్టుకోలేక కొన్ని కంపెనీలు మూతపడ్డాయి, కొన్ని కలిసిపోయాయి. 2019 డిసెంబరులో మిగిలిన పెద్ద ప్రైవేటు కంపెనీలన్నీ రేట్లు పెంచాయి. ఇక్కడ గేటు ధరలో ఉంది. 2020లో ఫేస్‌బుక్ 43,574 కోట్లు, గూగుల్ 33,737 కోట్లు జియో ప్లాట్‌ఫామ్స్‌లో పెట్టుబడి పెట్టాయి. ఫ్రీ బేసిక్స్ దారి మూసుకుపోతే ఫేస్‌బుక్ ఇంకో దారిలో వచ్చి చేరింది.

ఇక మీ పని. మీ ఫోన్‌లో మీరు వేసుకోకుండానే వచ్చిన యాప్‌లను వెతకండి. ఒక్కోదాని గుర్తు మీద వేలు నొక్కిపట్టి ‘యాప్ ఇన్ఫో’ తెరవండి. ‘అన్‌ఇన్‌స్టాల్’ కనిపిస్తే ఒక వరుసలో, ‘డిసేబుల్’ మాత్రమే కనిపిస్తే ఇంకో వరుసలో రాయండి. రెండో వరుసలోవి మీరు పక్కన పెట్టగలరు కానీ తీసేయలేరు. పోయిన పాఠంలో రాసిన పేజీ పక్కన పెట్టుకుని, అక్కడి కంపెనీ పేరు ఈ వరుసలో ఉందేమో చూడండి. ఉంటే, ఆ యాప్ మీ ఫోన్‌లో ఉండటం వల్ల మీకేం వస్తోంది, దానికేం వస్తోంది, పక్కపక్కన రెండు వాక్యాలు రాయండి.

నాలుగో పాఠంలో మూడో ప్రశ్న: కంపెనీ వెళ్లిపోతే మనకేం మిగులుతుంది? గూగుల్ 2016లో రైల్వే స్టేషన్లలో మొదలుపెట్టిన ఉచిత వైఫై నుంచి 2020లో తప్పుకుంటానంది. కేబుల్ రైల్వే శాఖ కంపెనీ రైల్‌టెల్‌ది కాబట్టి సేవ ఆగలేదు. బెలూన్లతో నెట్ అందించేందుకు గూగుల్ మొదలుపెట్టిన లూన్ పథకం 2021లో ఆగిపోయింది. లాభం రాదని ఏ కంపెనీ రాని నల్లమల అడవిలోని చెంచు పెంటలకు (గూడేలకు) సిగ్నల్ ఎవరి డబ్బుతో రావాలో కూడా అప్పుడే మాట్లాడుకుందాం.